ఎర్రమన్ను గోడ మీద ఏడాది పాఠాలు

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచి అంతే. మా నాన్న గద్వాలలో చిన్నపిల్లలకు చదువు చెప్పేవాడు. ఆయనకు ఎంత ఓర్పో నాకు అంత కోపం. మూడో జమాత్ కాగానే నన్ను బడి మాన్పించమని చుట్టాలంతా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. నిజాం రాజ్యంలో తరగతిని జమాత్ అనేవాళ్లం. నాన్న బడి మాన్పించాడు కానీ చదువు మాన్పించలేదు. తనకు తెలిసిందంతా ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పాడు. అయినా పలకలు చంకన పెట్టుకుని బడికి పోయే మగపిల్లల్ని కిటికీలోంచి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అందుకే బల్మూరు దగ్గర ఒక ఊళ్లో ఆడపిల్లల కోసం కొత్తగా ఒక జమాత్ తెరుస్తున్నారనీ, పంతులమ్మ కావాలనీ తెలిసినప్పుడు నేను ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆ మాట మా నాన్న చెవిన పడింది ఎండాకాలంలో. ఉద్యోగం ఇచ్చినట్టు హుకుం చేతికి వచ్చేసరికి శ్రావణం వచ్చింది. ఆ మధ్యకాలమంతా నేను ఊరికే కూర్చోలేదు. ఏడాది పొడుగునా ఆ పసిపిల్లలకు ప్రకృతి పాఠాలు ఏ వరుసలో చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

సర్కారు పుస్తకంలో వరుస ఉంది. ఎవరు రాశారో, ఏ దేశం చూసి రాశారో గానీ, వానలు మొదలయ్యే రోజుల్లో మంచు పాఠం, మండుటెండల్లో కప్ప పాఠం పెట్టారు. ఎండాకాలంలో కప్పను నేను ఎక్కడి నుంచి పట్టుకురావాలి? బొమ్మ గీసి చూపిస్తే చాలని నాన్న అన్నాడు. నాకు చాలదు. కంటికి కనిపించేది వదిలి కాగితంలోది చెప్పడం నాకు చేతకాదు. ఏ కార్తెలో ఏది కనిపిస్తుందో ఆ కార్తెలో ఆ పాఠం చెప్పాలని తీర్మానించుకున్నాను. మఖ, పుబ్బలలో మబ్బు, వాన, వానపాము. ఉత్తరలో నీడలు. కల్లాల కాలంలో గాలి, తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎటు పోతుందో చూపించి చెప్పొచ్చు. మార్గశిరంలో గడ్డి మీది మంచుబొట్టు. చైత్రంలో కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయన్నది. వీటన్నిటికీ తల్లిపాఠం విత్తనం. విత్తనం నాటితే వేరు, ఆకు, మన్ను, నీరు, ఎండ అన్నీ దాని వెంటే వస్తాయి. దానిని హస్త కార్తెలో పెట్టాను. మా వైపు జొన్న విత్తేది అప్పుడే.

ఊరికి చేరిన రోజే పెద్దపంతులు సంగతి చెప్పేశాడు. ఆయన మగపిల్లల బడికి పెద్ద. ఆడపిల్లల జమాత్ కూడా ఆయన కిందే, ఆయన బడి పక్కన ఒక కొట్టంలో. బడుల సంగతి చూసే తాలీం శాఖ సాబు పుష్యమాసంలో తనిఖీకి వస్తాడట. ఆనాడు జమాత్‌లో పిల్లలు కూర్చుని ఉండి, అడిగినదానికి జవాబు చెబితే జమాత్ నిలుస్తుంది. లేకపోతే బంద్. పిల్లలు ఇళ్లకు, నేను గద్వాలకు. ఇది ఆయన నాకు చెప్పిన తీరు చూస్తే బంద్ అవుతుందని ఆయనకు ముందే తెలిసిపోయినట్టుంది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. నిలబెట్టే పోతానని ఆయన మొహం మీదే అన్నాను.

నేను అద్దెకు దిగిన ఇల్లు ఒక రైతు ఇల్లు. ఇంటావిడ నాకంటే పదేళ్లు పెద్ద ఉంటుంది. ఆడకూలీలకు ముఠామేస్త్రీ లాంటిది. కలుపైనా కోతైనా ఏ చేనుకు ఎవరు పోవాలో ఆమె చెప్పాల్సిందే. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు ఎనిమిదేళ్ల కూతురు, నా జమాత్‌లోనే చేరింది. నా గదిలో మూడు గోడలకు సున్నం, ఒక గోడకు ఎర్రమన్ను. ఆ ఎర్రమన్ను గోడ మీద బొగ్గుతో నా ఏడాది పాఠాలన్నీ రాసుకున్నాను. కార్తెలు ఒక పక్క, పాఠాలు ఒక పక్క. పొద్దున లేవగానే కంటికి కనపడాలని. కలుపులు అయిపోయిన రోజులు కాబట్టి పిల్లలు బాగానే వస్తున్నారు. కానీ అక్క మొదటి వారంలోనే నాతో ఖరాఖండిగా చెప్పింది, కోతలు పడ్డాక ఒక్క పిల్లా రాదని. కోతలు కార్తీకం నుంచి పుష్యం దాకా. తనిఖీ పుష్యంలో.

హస్త కార్తె వచ్చింది. ముందురోజు జమాత్‌లో, రేపు ఎవరి చేనులోనైనా జొన్న విత్తుతుంటే అందరం పోయి చూద్దామని చెప్పాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కూతురు మెల్లగా లేచింది.

"జొన్న కంకి ఏసింది గద, పంతులమ్మా. ఇగ కోసుడే."

కొట్టమంతా నవ్వు. నవ్వు గోడ దాటి మగపిల్లల బడికి చేరింది, అక్కడి నుంచి పెద్దపంతులుకు చేరింది. ఆయన ఆ వారమంతా కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు, గద్వాల పంతులమ్మ కోతల కాలంలో విత్తనం వేయిస్తుందట అని. తల కొట్టేసినట్టయింది నాకు.

విషయం ఏమిటంటే, మాది కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నల్లరేగడి. మా వైపు ముంగారు పైరని వానకాలం మొదట వేసేది కొద్దిగా. హింగారు పైరే అసలు. వానలు తగ్గుముఖం పట్టాక హస్తలో జొన్న విత్తితే, పైన చుక్క వాన లేకపోయినా ఆ నేల దాచుకున్న తడితోనే పండుతుంది. ఇక్కడ దారి వెంట పచ్చగా ఉన్న జొన్నను చూసి ఇదీ మా ముంగారు లాంటిదే, అసలు పైరు తరవాత వేస్తారు కాబోలు అనుకున్నాను. ఇక్కడిది ఎర్రమన్ను నేల, ఎర్రచెలక. ఇక్కడ జొన్నంతా తొలకరి పడగానే, మిరుగు కార్తెలోనే వేసేస్తారు. లోకమంతా నల్లరేగడే అనుకుని ఏడాది పాఠాలు రాసుకున్నాను నేను.

పిల్లలు నవ్విన ఆ సాయంత్రమే అక్క నన్ను ఓదారుద్దామని కూర్చుంది. ఓదారుస్తూనే, మా వైపు వాన లేకుండా జొన్న పండుతుందన్న మాటను మాత్రం నమ్మనంది. నేను చిన్నప్పటి నుంచి కళ్లారా చూశానన్నా నమ్మలేదు. నాకు తిక్క రేగింది. ఇక్కడే పండించి చూపిస్తానన్నాను.

ఆమె కొంగు నడుముకు బిగించుకుని నా ఎదురుగా సరిగ్గా కూర్చుంది. "చూపియ్యి. హస్త దాటినంక ఇత్తనమేసి, మల్ల నీళ్లు వొయ్యకుంట నిలవెట్టి చూపియ్యి. నిలిస్తె నా పిల్లను కోతల్ల గూడ బడికి పంపుత. నా పిల్ల వస్తె అందరి పిల్లలొస్తరు, తెల్సా?"

తెలుసు. అందుకే వెంటనే సరేనన్నాను. విత్తనం పాఠం పోలేదు, ఇంకో దారిన వస్తోంది.

దసరా సెలవులకు గద్వాల పోయి, తిరిగి వచ్చేటప్పుడు గోనెసంచి నిండా మా చేని నల్లమన్ను తెచ్చాను. నాన్న ఎందుకని అడగలేదు, సంచి మూతి కుట్టి ఇచ్చాడు. వనపర్తి రోడ్ స్టేషన్‌లో టికెట్లు చూసేవాడు సంచిని కాలితో తన్ని ఇందులో ఏముందని అడిగాడు. మన్ను అన్నాను. మన్నేమిటి, సరిగ్గా చెప్పు అన్నాడు. మన్నంటే మన్నే, కావాలంటే విప్పి చూసుకో, మళ్లీ కుట్టి మాత్రం నువ్వే ఇవ్వాలి అన్నాను. వాడు నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పొమ్మన్నాడు. అక్కడి నుంచి బండి మీద వనపర్తిలో మా మేనత్త ఇంటికి పోయి ఒక రోజు ఆగాను. పుట్టింటి నుంచి ఆడపిల్లలు చీరలు తెచ్చుకుంటారు, ఇది మన్ను తెచ్చుకుందని ఆమె వాడంతా పిలిచి చూపించింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాగర్‌కర్నూలు దాకా మోటారు, అక్కడి నుంచి మళ్లీ బండి. ఊరు చేరేసరికి నా నడుము విరిగిపోయింది.

గది తలుపు తీస్తే ఎర్రమన్ను గోడ నున్నగా, కొత్తగా మెరుస్తోంది. ఒక్క అక్షరం లేదు. పండగకు ఇల్లంతా అలుకుతూ అక్క నా గోడ కూడా అలికేసింది. ఎన్ని రోజులు ఆలోచించి రాసుకున్నది! నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె చేతిలోని పేడగంప కింద పెట్టి నిలబడింది. గోడ నిండా బొగ్గు గీతలుంటే పండగ ఎట్లా చేస్తామని అంది. రెండు పూటలు నేను ఆమెతో మాట్లాడలేదు, ఆమె వండిన అన్నం మాత్రం తిన్నాను. మూడో పూటకు నాకే నవ్వొచ్చింది. ఆ రాసింది ఈ ఊరి ఏడాది కాదు కదా, మా ఊరిది. తుడిచిపెట్టుకుపోవడం కూడా ఒకందుకు మంచిదే.

మళ్లీ రాయలేదు. ముందు పందెం గెలవాలి. అరుగు మీద, చూరు కింద వాన పడని చోట, ఎండ బాగా తగిలే పక్కన రెండు కుండలు పెట్టాము. ఒకదానిలో మా నల్లమన్ను, ఒకదానిలో అక్క చేని ఎర్రమన్ను. రెండింటిలో ఒకే దోసిట్లోని జొన్నలు. రెండింటికీ ఒకే చెంబుతో సరిసమానంగా నీళ్లు. ఇక మీదట ఎవరూ నీళ్లు పోయకూడదని పిల్లలందరి చేతా ఒట్టు వేయించాను. రోజూ పొద్దున వచ్చి చూడాలి, వేలు గుచ్చి తడి ఎంత ఉందో తెలుసుకోవాలి, ఏం మారిందో నాకు చెప్పాలి. అంతే పాఠం.

మొదట మొలిచింది ఎర్రకుండలోనే. నల్లమన్ను పైన పెచ్చు కట్టింది, మొలక బయటికి రావడానికి తంటాలు పడింది. అక్క మురిసిపోయింది. చూశావా నా మన్ను అని పొద్దుకు నాలుగుసార్లు అన్నది. అది కూడా పాఠమే, పిల్లలతో చెప్పించాను, ఏ మన్నులో మొలక తొందరగా తోసుకుని వస్తుందో. తరవాత నల్లకుండలో కూడా మొలిచింది. కొన్ని రోజులకు ఎర్రకుండలో ఆకులు చుట్టుకుపోవడం మొదలైంది. నల్లకుండలో మొక్క నిటారుగా నిలబడింది. ఇక గెలిచినట్టే అనుకున్నాను.

ఒక పొద్దున వచ్చి చూస్తే ఎర్రకుండలో ఆకులు విచ్చుకుని పచ్చగా ఉన్నాయి. నాకు మతి పోయింది. పిల్లలు గుమిగూడారు. అక్క కూతురు వంగి కుండ కింద చెయ్యి పెట్టి చూసింది. అరుగు తడిగా ఉంది. వేలు గుచ్చింది, మన్ను బురదగా అంటింది. ఆ పిల్ల మెల్లగా తలెత్తి వాకిట్లో కసువు ఊడుస్తున్న వాళ్లమ్మ వంక చూసింది. పిల్లలంతా అటే చూశారు. అక్క చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పందెం గెలవడానికి దొంగతనం చేసిందని నేను విరుచుకుపడ్డాను. ఆమె నాకు ఎదురు చెప్పే మనిషే గానీ ఆ రోజు చీపురు కింద పెట్టి మెల్లగా చెప్పింది.

"పందెం గురించి గాదమ్మా. కండ్లముంగట పైరు ఎండిపోతుంటే చూసుకుంట ఎట్ల ఊకుంట? నాతోని గాలె. చెయ్యి గట్లనే పోయింది."

పందెం సంగతే మరిచిపోయి ఆమె, ఎండిపోయే మొక్కను చూసి చెంబు పట్టకుండా ఉండలేకపోయింది. రైతు చెయ్యి అది. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

అయితే పాఠం పాఠమే. పిల్లల్ని అడిగాను, ఇప్పుడు ఏం చేద్దామని. మళ్లీ మొదటి నుంచి చేద్దామన్నారు. రెండు కుండలూ గుమ్మరించి, ఆరబెట్టి, మళ్లీ విత్తాము. అక్క ఈసారి తనంతట తానే ఒట్టు వేసింది. ఒట్టు నిలబెట్టుకోవడానికి పాపం ఎంత కష్టపడిందో! ఎర్రకుండలో ఆకులు చుట్టుకుపోవడం మొదలైన రోజు నుంచి ఆమె వాకిట్లోంచి నడవడం మానేసి దొడ్డిదారిన చేనుకు పోయేది. ఎర్రకుండలో మొక్కలు వాలిపోయాయి, తరవాత ఎండిపోయాయి. నల్లకుండలో నిలబడే ఉన్నాయి. అప్పుడు పిలిచాను. ఆమె వచ్చి నల్లకుండలో వేళ్లు లోతుగా గుచ్చి, అంటిన మన్నును బొటనవేలితో రుద్ది చూసింది. తాగిన నీళ్లు దాచుకుంటుంది కదా ఈ మన్ను అని తనలో తాను అనుకున్నట్టు అంది. మాట తప్పే మనిషి కాదు. తన బిడ్డను కోతల్లో కూడా పంపుతానంది. కానీ చేను పని ఆగదు కాబట్టి పొద్దు పొడవగానే పాఠం మొదలుపెట్టి, అంబలి తాగే వేళకు పిల్లల్ని వదిలిపెట్టాలంది. అది న్యాయమే. కోతల కాలంలో చేతులన్నీ చేలోనే కావాలి.

అలా మా జమాత్ పొద్దు పొడుపుకు మారింది. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు, కొడవళ్లూ గంపలూ కొట్టం బయట పెట్టి లోపల కూర్చునేవారు. మార్గశిరంలో గడ్డి మీద మంచుబొట్లు వాళ్లే నాకు చూపించారు. సంతకు తేనె తెచ్చిన అడవి ఆడవాళ్లను తెల్లవారే నిలబెట్టి తేనెపట్టు ఎట్లా ఉంటుందో చెప్పించుకున్నాము. ఎర్రకుండలో మళ్లీ విత్తి, రెండింటికీ వారానికి ఒక్కసారి ఒక్క చెంబు నీళ్లు పోస్తూ వచ్చాము. నల్లకుండలో జొన్న మోకాలెత్తు, ఎర్రకుండలో జానెడు. పెద్దపంతులు మాత్రం ముఖం ముడుచుకునే ఉన్నాడు. బడి వేళ పది గంటలు, పది గంటలకు హాజరీ తీసుకుంటే జమాత్‌లో పిల్లలు సున్నా, నేనేం చెయ్యను అనేవాడు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకున్నాను. తీసుకోవలసింది కాదు.

పుష్యంలో సాబు వచ్చాడు. సరిగ్గా పది గంటలకు కొట్టంలో అడుగుపెట్టాడు. నేనున్నాను, నల్లబల్ల ఉంది, పిల్లలు లేరు. అందరూ కందికోతలో ఉన్నారు. పొద్దున పాఠం అయిపోయిందని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఊళ్లు తిరిగి తిరిగి అలసిపోయిన మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మెల్లగానే చెప్పాడు, వేళకు పిల్లలు లేని జమాత్‌ను సర్కారు నడపదని. రేపు పొద్దు పొడుపుకు ఒక్కసారి రమ్మని బతిమాలాను. రేపు తెల్లవారే లింగాల పోవాలన్నాడు. పెద్దపంతులు పక్కన నిలబడి తలాడించాడు. వాళ్లు పోయాక కొట్టంలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. గద్వాల కిటికీ గుర్తొచ్చింది. ఈ పిల్లలకు కనీసం కిటికీ కూడా ఉండదు, చేనే ఉంటుంది.

ఏడుపు అయ్యాక మాత్రం నా బుర్ర పని చేసింది. లింగాల తొవ్వ మా కొట్టం ముందు నుంచే పోతుంది. సాబు బండి ఎంత తెల్లవారే బయలుదేరినా అక్కడి నుంచే పోవాలి. సాయంత్రం కోత నుంచి వచ్చిన ఆడవాళ్లందరికీ అక్క చేత చెప్పించాను, రేపు ఒక్క పిల్లా తప్పకూడదని.

మరునాడు పొద్దు పొడవకముందే చలిలో వణుకుతూ పిల్లలంతా వచ్చారు. కొట్టంలోకి పోనివ్వలేదు. బండ్ల బాట మీదే వరసలుగా కూర్చోబెట్టాను. రెండు కుండలూ మోసుకొచ్చి బాటకు అడ్డంగా నడిమధ్య పెట్టాను. సూర్యుడు పైకి వస్తుండగా సాబు బండి వచ్చింది. బండి తోలేవాడు అదిలించాడు, ఎడ్లు ఆగిపోయాయి, పిల్లలు కదల్లేదు. సాబు గూడు తెర తొలగించి ఈ తమాషా ఏమిటని గద్దించాడు.

"ఇది నా జమాత్, సాబూ. హాజరీ తీసుకోండి. అందరూ ఉన్నారు," అన్నాను.

గోల విని పెద్దపంతులు వేపపుల్ల నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. సాబు ఆయన వంక చూసి, నా వంక చూసి, పిల్లల వంక చూశాడు. దిగలేదు. బండిలోంచే ముందు వరసలోని అక్క కూతురిని లేవమన్నాడు. పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడిగాడు, విత్తనం ఎప్పుడు వేస్తారని. వానలు పడగానే అన్నది పుస్తకంలో జవాబు. ఆ పిల్ల కుండల వంక చూసింది.

"ఏ నేలల, సాబూ?" అంది.

అడిగింది చెప్పు, ఎదురు అడగకు అని పెద్దపంతులు పుల్ల తీసి ఉరిమాడు. సాబు చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. చెప్పనీ అన్నాడు.

"మా ఎర్రచెలకల అయితె మిరుగుల ఏస్తం. పంతులమ్మోళ్ల నల్లరేగడిల అయితె హస్తల ఏస్తరు. చెలకకు నీళ్లు దాచుకునుడు తెల్వదు. రేగడి దాచుకుంటది."

నీకెట్లా తెలుసని సాబు అడిగాడు.

"రెండుసార్లు చూసినం. మొదటిసారి మా అమ్మ దొంగతనంగ నీళ్లు వోసింది, గందుకని మల్ల చేసినం."

బండి తోలేవాడు పగలబడి నవ్వాడు. సాబు మీసాల్లోనే నవ్వుకుని, అప్పుడు దిగాడు. కుండల దగ్గర గొంతుకూర్చుని రెండింటిలోనూ వేలు గుచ్చాడు, వేలికి అంటినది రుద్ది చూశాడు. ఇంకో ఇద్దరిని అడిగాడు, మంచుబొట్టు గురించి ఒకరిని, తేనెటీగ గురించి ఒకరిని. చెప్పారు. ఇప్పుడు ఎక్కడికి పోతారని అడిగాడు. కందికోతకు అన్నారందరూ ఒక్కసారిగా. ఆయన లేచి పెద్దపంతులుతో, రేపటి నుంచి ఈ జమాత్ హాజరీ ఈ వేళకే తీయమన్నాడు. నాతో, వచ్చే ఏడు ఈ పిల్లలకు ఏమేం చెబుతావో రాసి పంపు అన్నాడు. వచ్చే ఏడు అన్న మాట నా చెవిలో పడగానే ఇంకేమీ వినపడలేదు. కుండలు పక్కకు జరిపి బండికి దారి ఇచ్చాము. పిల్లలు కొడవళ్లు తీసుకుని చేలకు పరిగెత్తారు. నేను బాట మీదే నిలబడి నవ్వుతూ ఏడ్చాను, చూసినవాళ్లు చూడనీ.

సాయంత్రం అక్క కోత నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకముందే నా గదిలోకి వచ్చింది. చేతిలో పొయ్యిలోంచి ఏరిన బొగ్గులు. నన్ను ఎర్రమన్ను గోడ ముందు నిలబెట్టి ఒక బొగ్గు నా చేతిలో పెట్టింది.

"రాయి. గీసారి మిరుగు కాడికెల్లి రాయి."

నేను నవ్వాను. ఉగాదికి మళ్లీ అలికేస్తావు కదక్కా అన్నాను. ఆమె నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురిని దగ్గరికి లాక్కుని గోడ ముందు నిలబెట్టింది.

"ఇల్లంత అలుకుత. గీ గోడ మాత్రం ముట్ట. నా బిడ్డ దీన్ని కింది దాక చదివి నాకు చెప్పినంక అలుకుత."